పొద్దుగాల మాత్రమే వణికే కరోలా: ఇంటేక్ (ఇంజిన్‌కు గాలి పోయే దారి) లీక్ ఎట్ల దొరికింది, ఎట్ల బాగైంది

మా షెడ్డుకు వచ్చిన బండి టయోటా కరోలా, 1.8 పెట్రోల్, 2006 మోడల్, 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్. ఓనర్ హనుమకొండ నయీంనగర్‌ల ఉండే రిటైర్డ్ లెక్చరర్, బండిని మస్తు మంచిగ చూసుకునే మనిషి, సర్వీస్ బిల్లులన్నీ ఒక ఫైల్‌ల పెట్టుకొని వచ్చిండు. కంప్లైంట్ ఏందంటే పొద్దుగాల సెల్ఫ్ కొట్టంగనే ఇంజిన్ అందుకుంటది కానీ స్లో మీద, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండ, నిలబడదు, ఆర్పీఎం ముల్లు కిందికి మీదికి ఊగుతది, ఒక్కోసారి ఆగిపోతది, యాక్సిలరేటర్ తొక్కుకుంట ఐదారు నిమిషాలు నిలబెడితే అప్పుడు సాఫీ అయితది, ఆ తర్వాత దినమంత ఏం ప్రాబ్లం ఉండదు. చెక్ లైట్ మాత్రం వస్తది, పోతది. మైలేజ్ కూడా పడిపోయిందన్నడు.

ఫైల్ తిరగేస్తే ఇంతకుముందే ప్లగ్గులు మారినయి, ఒక కాయిల్ మారింది, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అయింది, ముందటి ఆక్సిజన్ సెన్సార్ కూడా కొత్తది పడ్డది. "ఇన్ని చేసినా పొద్దటి వణుకుడు పోతలేదు తమ్మీ, ఇంట్ల వాళ్ళు మేడారం పోదామంటున్నరు, అడవి దార్ల ఆగిపోతే ఎట్ల" అన్నడు సార్.

ముందు చేసినోళ్ళను నేను తప్పు పట్ట. బండి వాళ్ళ దాకా పోయేసరికి ఇంజిన్ వేడెక్కి మంచిగనే నడుస్తుంటది కదా, నయీంనగర్‌ల బయలుదేరి పొద్దటి ట్రాఫిక్‌ల ములుగు రోడ్డు దాకా వచ్చేసరికి కూలెంట్ 80 డిగ్రీలు దాటుతది, ఇగ అక్కడ జబ్బు కనపడదు, కస్టమర్ చెప్పిన మాట ఒక్కటే మిగులుతది. అందుకే నేను బానెట్ ఎత్తకముందు సార్‌ను కూర్చోబెట్టి అడిగిన, ఎప్పటిసంది ఉన్నది, ఎండాకాలంల ఉండెనా, వానలప్పుడు ఎక్కువ అయితుందా, ఏసీ వేస్తే ఎట్లుంటది అని. ఎండాకాలంల అసలే లేకుండె, దసరా దాటినంక షురువైంది, చలి పెరిగిన కొద్దీ ఎక్కువైంది అన్నడు. ఈ ఒక్క మాట ఆ ఫైల్‌ల ఏ బిల్లు మీదా లేదు, కానీ కేస్ మొత్తం దాని మీదనే నిలబడ్డది.

స్కానర్ పెడితే పీ0171, అంటే మిక్చర్ లీన్ అయింది, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ. ఫ్రీజ్ ఫ్రేమ్‌ల, అంటే కోడ్ పడ్డప్పుడు కంప్యూటర్ దాచుకున్న లెక్కలల్ల, స్పీడ్ సున్నా, ఆర్పీఎం స్లో మీదనే ఉన్నది. కోడ్ చదివి వెంటనే సెన్సార్ మార్చుడు దగ్గరనే చాలా మంది పైసలు పోతున్నయి. ఆ కోడ్ ఇచ్చింది ఆక్సిజన్ సెన్సార్ చెప్పిన మాట మీదనే, అంటే సెన్సార్ దాని పని అది చేస్తున్నది, లీన్ ఉన్నదాన్ని లీన్ అనే చెప్తున్నది.

చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆక్సిజన్ సెన్సార్ మాట విని కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో ఆ లెక్క. మంచి బండిల షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు మార్చేది), లాంగ్ టర్మ్ (నేర్చుకొని పెట్టుకున్నది) రెండు కలిపి అటు ఇటు 5 శాతం, మహా అయితే 10 లోపల ఉంటయి. ఈ బండి మధ్యాహ్నం ఇంజిన్ వేడి మీద స్లోల రెండు కలిపి ప్లస్ 18 దగ్గర చూపించింది, అంటే కంప్యూటర్ తన లెక్క కంటే 18 శాతం పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, అయినా కష్టంగ నిలబెడుతుంది. అదే 2500 ఆర్పీఎం మీద పట్టి ఉంచితే ట్రిమ్ ప్లస్ 5కు దిగింది. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే సగం డయాగ్నసిస్ అయిపోతది.

ఎందుకంటే ఈ ఇంజిన్‌ల లోపలికి పోయే గాలిని ఎయిర్ ఫిల్టర్ దాటంగనే మాఫ్ సెన్సార్ కొలుస్తది. థ్రాటిల్ (గాలి దారిల ఉండే తలుపు) మూసి ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే పైపుల డబ్బా) లోపల ప్రెషర్ 30, 35 కిలోపాస్కల్స్ మాత్రమే, బయట మన వరంగల్ ఎత్తుకు దాదాపు 98 ఉంటది, అంటే లోపల గట్టిగ గుంజుతుంటది, ఎక్కడ చిన్న సందు దొరికినా అందులకెళ్ళి గాలి లోపలికి పోతది. ఆ గాలి మాఫ్ లెక్కల పడదు. ఇంజిన్ స్లోల సెకనుకు 2.2 గ్రాముల గాలి తీసుకుంటదనుకుందాం, లీక్ నుంచి 0.4 గ్రాములు పోతే అది 18 శాతం. 2500 మీద అదే ఇంజిన్ 8 గ్రాముల దాకా తీసుకుంటది, లీక్ మాత్రం ఆ 0.4 దగ్గరనే ఉంటది, అంటే 5 శాతమే. అందుకే గాలి లీక్ ఎప్పుడైనా స్లోల ఎక్కువ కనపడతది, రేస్ చేస్తే తగ్గుతది. పెట్రోల్ పంప్ వీక్ అయినా, మాఫ్ మీద దుమ్ము పట్టినా కథ ఉల్టా ఉంటది, లోడ్ పెరిగిన కొద్దీ ట్రిమ్ పెరుగుతది. అయినా నమ్మకం కోసం ప్రెషర్ గేజ్ పెట్టి చూసిన, 3 బార్ పైననే నికరంగ ఉన్నది, పంప్ మీద డౌట్ పోయింది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర లీక్ ఉంటే కూడా బయటి గాలి సెన్సార్ దాకా పోయి దొంగ లీన్ చూపిస్తది, అది కూడా చూసిన, ఏం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలె, ఇది అన్ని బండ్లకు ఇట్లనే ఉండదు. మన దగ్గర ఎక్కువ తిరిగే చిన్న బండ్లు, మారుతి కె సిరీస్ ఇంజిన్ల లాంటియి, మ్యాప్ సెన్సార్ మీద నడుస్తయి, అది గాలిని కొలవదు, మ్యానిఫోల్డ్ ప్రెషర్ చూసి గాలి ఎంతుందో లెక్క కడుతది. లీక్ గాలి లోపలికి వస్తే ప్రెషర్ పెరుగుతది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోల్ కూడా ఇచ్చేస్తది, అందుకని లీన్ కోడ్ రాకపోవచ్చు, ట్రిమ్ మామూలుగనే ఉండొచ్చు, కానీ స్లో ఆర్పీఎం 1100, 1200 మీద కూర్చుంటది, దిగదు. అట్లాంటి బండి వస్తే ట్రిమ్ బాగుంది కదా లీక్ లేదు అని పంపొద్దు, మ్యాప్ రీడింగ్ ఎంతుందో చూడాలె.

మళ్ళా కరోలాకు వస్త. వ్యాక్యూమ్ గేజ్ పెడితే వేడి మీద 17 అంగుళాల (పాదరసం లెక్క) దగ్గర ముల్లు నిలకడగ ఉన్నది. పుస్తకంల 18 నుంచి 22 అని ఉంటది కానీ అది సముద్రమట్టం లెక్క, వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం తగ్గుతది, మన ఊరు 270 మీటర్ల దగ్గర ఉన్నది కాబట్టి ఒక అంగుళం దాకా తీసేయొచ్చు. అయినా 17 అంటే జర తక్కువే.

తర్వాత పైపులు ఒక్కొక్కటి. బ్రేక్ బూస్టర్ పైపు ప్లయర్‌తోని బట్ట పెట్టి మెల్లగ ఒత్తి మూసిన, స్లోల ఏం తేడా రాలె. బూస్టర్‌కు ఇంకో టెస్ట్ ఉంటది, ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడినంక కాలు అట్లనే పెట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలె, దిగింది, మంచిగుంది. పెట్రోల్ ట్యాంక్ ఆవిరి తెచ్చే పర్జ్ వాల్వ్ పైపు కూడా మూసి చూసిన, అది తెరుచుకొని ఇరుక్కుపోతే సేమ్ ఇట్లనే వణుకుతది. అది కూడా ఓకే.

మా వైపు ఇంకొకటి తప్పకుండ చూడాలె, ఎల్పీజీ కిట్ పెట్టి తీసేసిన బండ్లు. సీక్వెన్షియల్ కిట్ పెట్టేటప్పుడు మ్యానిఫోల్డ్‌కు ఒక్కో సిలిండర్ దారిల రంధ్రం కొట్టి నాజిల్ బిగిస్తరు. కిట్ అమ్ముకున్నప్పుడు ఆ రంధ్రాలల్ల ఎంసీల్ పెట్టి వదిలేస్తరు, కొన్నేండ్లకు ఇంజిన్ వేడికి అది పగిలి వదులైతది, గాలి గుంజుతది. సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకున్నోళ్ళకు కిట్ ఉండెనని కూడా తెలవదు. సరైన రిపేర్ ఏందంటే రంధ్రానికి మర కోసి బోల్ట్ ప్లగ్గు బిగించాలె, లేకుంటే మ్యానిఫోల్డే మార్చాలె. ఈ కరోలాకు ఎన్నడూ కిట్ పెట్టలే, మ్యానిఫోల్డ్ కంపెనీది కంపెనీదే ఉన్నది.

స్మోక్ టెస్ట్, అంటే గాలి దారిలకు పొగ పంపి ఎక్కడికెళ్ళి బయటికి వస్తదో చూసుడు, అదే మధ్యాహ్నం ఒకసారి చేసిన. కార్బ్ క్లీనర్ కొట్టి ఆర్పీఎం మారుతుందా అని చూసే పద్ధతి చాలా షాపులల్ల ఉన్నది, నేను చేయ, మా షెడ్ల పనిచేసే పిల్లలను చేయనియ్య. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకుంటది, పైగా ఒక దగ్గర కొడితే ఆవిరి ఇంకో దగ్గరికెళ్ళి గుంజుకుంటది, తప్పుడు జాగ చూపిస్తది. వంట గ్యాస్ పైపు పట్టుకొని వెతికేటోళ్ళు కూడా ఉన్నరు, దయచేసి అది అసలే చేయొద్దు. స్మోక్ మెషిన్ కొనే స్థోమత లేకపోతే డీజిల్ గ్లో ప్లగ్గు, బేబీ ఆయిల్ పెట్టి తయారు చేసుకునేటోళ్ళు ఉన్నరు, పనిచేస్తది, కానీ ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండ కంప్రెసర్ గాలి డైరెక్ట్ పెట్టొద్దు. ఒక పీఎస్‌ఐ లోపలే ఉండాలె, ఎక్కువైతే క్రాంక్ సీళ్ళు ఎగిరి మనమే కొత్త లీక్ పెట్టినట్టయితది.

ఫిల్టర్ బాక్స్ దగ్గర దారి మూసి పొగ పంపినం. ఆయిల్ గేజ్ పుల్ల దగ్గర కొంచెం పొగ కనపడితే మా హెల్పర్ పిల్లగాడు ఇదేనన్నా అన్నడు, అది కాదు, ఇంజిన్ లోపలి గాలికి ఇంటేక్‌కు పీసీవీ దారి ఉంటది కాబట్టి పొగ అటు కూడా పోతది. సైలెన్సర్ నుంచి కూడా రావొచ్చు, ఏదో ఒక సిలిండర్‌ల వాల్వులు తెరిచి ఆగి ఉంటయి. అవి చూసి మోసపోవద్దు. అసలు లీక్ పీసీవీ పైపు వంపు దగ్గర దొరికింది. పైనుంచి చూస్తే పైపు నల్లగ మంచిగనే కనపడుతుంది, ఆయిల్ ఆవిరికి నానీ నానీ మెత్తబడిపోయి వంపుకు కింది దిక్కు పొడుగు పగులు ఉన్నది, వేలు పెట్టి ఒత్తితే నోరు తెరుస్తది, వదిలితే మూసుకుంటది. అద్దం పెట్టి చూస్తే గానీ కనపడలె.

పైపు మార్చినం, క్లిప్పులు కూడా కొత్తయి వేసినం. ట్రిమ్ ప్లస్ 18 నుంచి ప్లస్ 6కు వచ్చింది. పిల్లగాడు ఖుషీ అయి "అయిపోయిందన్నా, సార్‌కు ఫోన్ చేద్దామా" అన్నడు.

ఇక్కడ ఆగాలె. పగిలిన పైపు పొద్దుగాలా పగిలే ఉంటది, మధ్యాహ్నమూ పగిలే ఉంటది, ఎండాకాలంల కూడా గాలి గుంజుతది. సార్ చెప్పిన కంప్లైంట్ దసరా తర్వాతది, పొద్దటిది, వేడెక్కినంక పోయేది. ఈ పైపు వల్ల మైలేజ్ పడిపోయి ఉండొచ్చు, కోడ్ రావొచ్చు, కానీ చలికి మాత్రమే వచ్చి వేడికి పోయే వణుకుడుకు ఇది జవాబు కాదు. దొరికిన లీక్ కంప్లైంట్‌తోని సరిపోవాలె, సరిపోకపోతే ఇంకోటి ఉన్నట్టే. అందుకే సార్‌కు ఫోన్ చేసి బండి రాత్రి షెడ్ల ఉంచుతమని చెప్పిన. కూలెంట్ వేడి బయటి చలితోని సమానం కావాలె కదా, షట్టర్ వేయకుండ గ్రిల్ గేటు మాత్రమే వేసి పెట్టినం.

ఆ రోజులల్ల వరంగల్‌ల తెల్లారుజాము 14, 15 డిగ్రీలుంటుంది. పొద్దుగాల వచ్చి సెల్ఫ్ ముట్టకుండ ముందు పొగ పెట్టినం, ఇది ముఖ్యం, ఒక్కసారి స్టార్ట్ చేసి ఆపినా వేడి మొదలైతది. ఒక రెండు నిమిషాలు ఏం లేదు. తర్వాత ఇంటేక్ మ్యానిఫోల్డ్ హెడ్‌కు (సిలిండర్ల పై భాగానికి) అతికే జాయింట్ కింది అంచున, మూడో సిలిండర్‌కు నాలుగోదానికి మధ్యన, సన్నగ ఒక దారం లెక్క పొగ లేచింది. గట్టిగ కాదు, టార్చ్ లైట్ అడ్డంగ పెట్టి వెనక నల్ల బట్ట పట్టుకుంటేనే కనపడుతుంది. ఫ్యాన్ వేసి ఉంటే కనపడకపోయేది.

పొగ చూసిన జాగనే జబ్బు అని ఇంజిన్ నడిచేటప్పుడు కూడా రుజువు కావాలె. పొగ పైపు తీసి, స్కానర్ పెట్టి స్టార్ట్ చేసినం. మొదటి నిమిషం ఆక్సిజన్ సెన్సార్ వేడెక్కలే కాబట్టి ట్రిమ్ మీద నమ్మకం పెట్టొద్దు, క్లోజ్డ్ లూప్‌ల పడ్డదాకా, అంటే కంప్యూటర్ ఆ సెన్సార్ మాట వినుడు మొదలుపెట్టేదాకా, ఆగినం. పడంగనే రెండు కలిపి ప్లస్ 27. ముల్లు ఊగుడు సార్ చెప్పినట్టే ఉన్నది. స్ప్రే బాటిల్‌తోని ఆ జాయింట్ కింద మామూలు నీళ్ళు కొడితే సర్రుమని గుంజుకుంది, ఆ రెండు మూడు సెకన్లు ఇంజిన్ సౌండ్ సాఫీ అయింది, నీళ్ళు ఆగంగనే మళ్ళా వణుకుడు. తర్వాత ఏం ముట్టకుండ నిలబడి నంబర్లు చూసినం: కూలెంట్ 40 దగ్గర ప్లస్ 22, 60 దగ్గర 14, 80 దాటినంక నిన్నటి ప్లస్ 6. ఇంజిన్ ఆపి వేడి మీదనే మళ్ళా పొగ పెట్టినం, అదే జాయింట్, అదే లైట్, పొగ లేదు. అప్పుడు పిల్లగానికి అర్థమైంది, పని అయిపోయిందని సార్‌కు ఎందుకు చెప్పనియ్యలేదో.

మ్యానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, హెడ్ అల్యూమినియం, మధ్యన రబ్బర్ ప్యాకింగ్. ఏండ్ల తరబడి వేడికి రబ్బర్ గట్టిపడి దాని స్ప్రింగ్ గుణం పోతది. చలికి అన్నీ ముడుచుకున్నప్పుడు ఆ సందును నింపలేదు, వేడెక్కినంక ఉబ్బి మూసుకుంటది. ఇరవై ఏండ్ల దగ్గరికొచ్చిన రబ్బర్‌ను ఇంకేం అడుగుతం, దాని పని అది చేసింది. చలి దేశాలల్ల ఈ ఇంజిన్ మీద ఇదే జాగ, ఇదే కోడ్ గురించి మెకానిక్‌లు ఎప్పటినుంచో మాట్లాడుకుంటున్నరు. మన దగ్గర చలి తక్కువ కాబట్టి తొందరగ కనపడదు, కనపడ్డా చలికాలమే ఉంటది, ఫిబ్రవరి దాటితే దానంతటదే పోయినట్టు అనిపిస్తది, ఆ టైంకు ఏ పార్టు మార్చి ఉంటే పేరు ఆ పార్టుకు పోతది.

ప్యాకింగ్ ఇక్కడ దొరకలె, హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోల తెప్పించినం, ఒరిజినల్‌దే. కొంతమంది సిలికాన్ గమ్ము పెట్టి నడిపిద్దామంటరు, ఇంటేక్ దగ్గర అది వద్దు, ప్రెషర్ పడ్డదగ్గర ముక్కలు ఊడి లోపలికి పోతయి, దాని ఆవిరికి ఆక్సిజన్ సెన్సార్ కూడా ఖరాబైతది. బ్యాటరీ నెగెటివ్ తీసి, ఇంజిన్ పూర్తిగ చల్లారినంకనే మ్యానిఫోల్డ్ విప్పినం. విప్పంగనే హెడ్ పోర్టులల్ల శుభ్రమైన బట్ట కుక్కాలె, ఒక్క నట్టు లోపల పడ్డా ఇంజిన్ విప్పాల్సి వస్తది. పాత ప్యాకింగ్ తీసి కొత్తదాని పక్కన పెడితే తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తది, కొత్తది గాడి నుంచి పైకి లేచి మెత్తగ ఉన్నది, పాతది గాడితోని సమానం అయిపోయింది, గోరు పెడితే గుచ్చుకుంటలేదు, ప్లాస్టిక్ అయిపోయింది. మూడు నాలుగు పోర్టుల మధ్యన హెడ్ మీద సన్నగ దుమ్ము గీత ఉన్నది, గాలి ఆ దారినే లోపలికి పోయిందనడానికి సాక్ష్యం. దానిని ఫోటో తీసి సార్‌కు పంపిన.

హెడ్ ముఖం ప్లాస్టిక్ గీకుడు ముక్కతోని తుడిచినం, సాండ్ పేపర్ వాడొద్దు, ఆ పొడి సిలిండర్లకు పోతది. మ్యానిఫోల్డ్ ముఖం మీద స్టీల్ స్కేల్ పెట్టి ఫీలర్ గేజ్ తోసి చూసినం, వంకర ఏం రాలె. వంకరొచ్చి ఉంటే కొత్త ప్యాకింగ్ వేసినా లాభం ఉండదు, మ్యానిఫోల్డే మార్చాలె. బోల్టులు మధ్యలకెళ్ళి మొదలుపెట్టి రెండు పక్కలకు పోయుకుంట, ఒక్కసారి కాకుండ రెండు మూడు విడతల, మాన్యువల్‌ల ఉన్న లెక్కకు టార్క్ రెంచ్‌తోని బిగించినం. ప్లాస్టిక్ మీద చేతి బలం చూపిస్తే ఇంకో లీక్ పుడతది. థ్రాటిల్ బాడీ ప్యాకింగ్ కూడా విప్పినం కాబట్టి అది కూడా కొత్తదే వేసినం.

కోడ్ తీసేసి, పాత ట్రిమ్ లెర్నింగ్ చెరిపి, హంటర్ రోడ్ మీదకెళ్ళి కాజీపేట, మడికొండ దాటేదాకా తిప్పుకొచ్చిన, సిటీ ట్రాఫిక్, హైవే స్పీడ్ రెండూ కావాలె, లేకపోతే కంప్యూటర్ కొత్త లెక్క నేర్చుకోదు. వేడి మీద ట్రిమ్ ప్లస్ 2. కానీ బండి అప్పుడు కూడా ఇయ్యలె, మళ్ళా ఒక రాత్రి షెడ్ల పెట్టి పొద్దుగాల చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేసి చూసినం, క్లోజ్డ్ లూప్‌ల పడంగనే ప్లస్ 4, ముల్లు కదలలె. పొగ పెట్టినం, జాయింట్ చుట్టూ ఏం లేదు. వేడెక్కినంక వ్యాక్యూమ్ గేజ్ 19 చూపించింది.

ప్యాకింగ్, పైపు, క్లిప్పులు, లేబర్ అన్నీ కలిపినా ఇంతకుముందు పడ్డ ఆక్సిజన్ సెన్సార్ ఖర్చు కాలె. సార్ మేడారం పోయొచ్చినంక ఒకసారి వచ్చి చూపించుకొని పోయిండు, పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కు అందుకొని నిలబడుతుందన్నడు, చెక్ లైట్ మళ్ళా రాలె, లాంగ్ టర్మ్ ప్లస్ 2 మీదనే ఉన్నది. బ్రేక్ బూస్టర్ పైపు ఇప్పటికి లీక్ లేదు కానీ వంచితే పైన సన్న గీతలు కనపడుతున్నయి, దాని వయసు కూడా ఆ పీసీవీ పైపు వయసే, వచ్చే సర్వీస్‌ల అది మార్చేద్దామని బిల్లు వెనక రాసిచ్చిన.